విదేశంలో మనిషి జాడ తెలియకపోతే: ఎల్లో నోటీసు దాకా ఎలా వెళ్లాలి

ఫోన్ చేస్తే స్విచాఫ్. పంపిన మెసేజ్‌కి ఒక్క టిక్కే. హోటల్‌కి చేస్తే, ఖాళీ చేసి వెళ్లిపోయారంటున్నారు. మనిషి ఉన్నది వేరే దేశంలో. మీకు అక్కడి భాష రాదు, అక్కడి పోలీస్ స్టేషన్ నంబరూ తెలియదు. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు "ఇంటర్‌పోల్‌కి చెప్పండి" అని సలహా ఇస్తారు. సలహా మంచిదే. కాకపోతే ఇంటర్‌పోల్‌కి మీరు నేరుగా చెప్పుకోలేరు. దానికో దారి ఉంది. ఆ దారిలో ఎక్కడ ఏం అడగాలో ముందే తెలిస్తే చాలా రోజులు కలిసొస్తాయి.

ముందు ఈ నోటీసు ఏం చేస్తుందో తెలుసుకోండి

సినిమాల పుణ్యమా అని ఇంటర్‌పోల్ అనగానే నల్లకోట్లు వేసుకుని విమానాలు దిగే ఏజెంట్లు గుర్తొస్తారు. అలాంటివాళ్లు లేరు. ఇంటర్‌పోల్ అంటే 196 దేశాల పోలీసులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. ప్రధాన కార్యాలయం ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఉంది. ప్రతి సభ్యదేశంలోనూ దానికి ఒక నేషనల్ సెంట్రల్ బ్యూరో ఉంటుంది. అందులో పనిచేసేది ఆ దేశపు పోలీసు అధికారులే. ఈ బ్యూరోలన్నిటినీ ఐ-24/7 అనే సురక్షిత నెట్‌వర్క్ కలుపుతుంది.

ఈ నెట్‌వర్క్‌లో తిరిగే హెచ్చరికలకు రంగుల పేర్లు పెట్టారు. పేపర్లలో ఎక్కువగా కనపడేది రెడ్ నోటీసు. అది నిందితుల కోసం. తప్పిపోయినవాళ్ల కోసం ఇచ్చేది ఎల్లో నోటీసు. తానెవరో చెప్పలేని స్థితిలో దొరికిన మనిషిని గుర్తుపట్టడానికీ ఇదే వాడతారు. అంటే జ్ఞాపకం పోయినవాళ్లు, స్పృహలేని రోగులు, పేరు చెప్పలేని చిన్నపిల్లలు. గుర్తు తెలియని మృతదేహాలకు బ్లాక్ నోటీసు ఉంది.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. నోటీసు తనంతట తాను ఎవరినీ వెతకదు. అది వచ్చిందని ఏ దేశ పోలీసులూ వీధులు గాలించరు. మీ మనిషి ఎక్కడైనా ఒక అధికారికి ఎదురైనప్పుడు గుర్తుపట్టేలా చేయడమే దాని పని. సరిహద్దులో పాస్‌పోర్ట్ చూపించినప్పుడు, ఏదో తనిఖీలో పట్టుబడినప్పుడు, ఆసుపత్రివాళ్లు "ఈ పేషెంట్ ఎవరో తెలియడం లేదు" అని పోలీసులకు చెప్పినప్పుడు అది పనికొస్తుంది. ఆ క్షణంలో అధికారి స్క్రీన్ మీద సరైన పేరు, సరైన ఫొటో, సరైన ఆనవాళ్లు కనపడాలి. అవి వచ్చేది మీ దగ్గర నుంచే. అందుకే మొదటి రోజు మీరు రాసిచ్చే కాగితం మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

మొదటి గంటలో: కాగితం, పెన్ను

ఏడుపు వస్తుంది, టెన్షన్ ఉంటుంది, పక్కన పదిమంది పది మాటలు చెబుతుంటారు. అయినా ఒకరు కూర్చుని రాయాలి. ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు, ఏ నంబరు నుంచి, ఏమన్నారు, ఎక్కడున్నామని చెప్పారు. టైమ్ రాసేటప్పుడు అది ఏ దేశపు టైమో పక్కనే రాయండి. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, సీసీటీవీ ఫుటేజీ వెతికే అధికారికి ఐదారు గంటల తేడా అంటే వేరే రోజు కిందే లెక్క.

పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. ఇంటిపేరు కొన్ని దేశాల్లో ముందు రాస్తారు, కొన్నిచోట్ల చివర రాస్తారు. కాబట్టి ఏది ఇంటిపేరో విడిగా చెప్పండి. ఇంట్లో పిలిచే పేరు, పెళ్లికి ముందు పేరు, సోషల్ మీడియాలో వాడే పేరు కూడా చేర్చండి. పాస్‌పోర్ట్ నంబరు, వీసా నంబరు, టికెట్ల వివరాలు, ఫోన్ ఐఎంఈఐ నంబరు ఒకచోట పెట్టండి. ఐఎంఈఐ ఫోన్ కొన్న డబ్బా మీద ఉంటుంది, బిల్లు మీద కూడా ఉండొచ్చు.

వాట్సాప్ చాట్‌లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఆ మనిషి ఈమెయిల్, బ్యాంకు ఖాతాల పాస్‌వర్డ్‌లు ఊహించి పదేపదే కొట్టి చూడకండి. ఖాతా లాక్ అయితే పోలీసులకూ చిక్కే. మొబైల్ బిల్లు మాత్రం కడుతూ ఉండండి. నంబరు ఆగిపోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

పాస్‌పోర్ట్ పోయిందని మీరే ఫిర్యాదు చేసి రద్దు చేయించే తొందర కూడా వద్దు. రద్దయిన పాస్‌పోర్ట్ వివరాలు పోయిన ప్రయాణ పత్రాల అంతర్జాతీయ డేటాబేస్‌లోకి వెళతాయి. మనిషి బతికి, బాగుండి, దారిలో ఉంటే ఎయిర్‌పోర్టులో ఇరుక్కుంటారు. అది చేయాలా వద్దా అన్నది దర్యాప్తు అధికారినే తేల్చనివ్వండి.

రెండుచోట్ల కంప్లైంట్, ఎంబసీకి కబురు

"24 గంటలు ఆగాలి" అన్న మాటను పట్టించుకోకండి. ఎక్కడో విని అందరూ తిప్పి చెప్పుకునే మాట అది. అనుమానం బలంగా ఉంటే అప్పుడే వెళ్లండి. చిన్నపిల్లలైనా, మందుల మీద ఆధారపడిన పెద్దలైనా, బెదిరింపులు వచ్చిన మనిషైనా అసలు ఆగనే కూడదు.

మీరు ఉండే చోట ఒక కంప్లైంట్, వీలైతే ఆ మనిషి ఆఖరిసారి కనపడిన చోట మరొకటి ఇవ్వండి. అక్కడ స్నేహితులో, తోటి ఉద్యోగులో, యూనివర్సిటీవాళ్లో ఉంటే వాళ్లచేత ఇప్పించవచ్చు. స్టేషన్‌లో నోటిమాటగా చెప్పి రావద్దు. తప్పిపోయిన మనిషి కేసుగా నమోదు చేశారా లేదా అడగండి. నంబరు తీసుకోండి, చూస్తున్న అధికారి పేరు రాసుకోండి. ఈ నమోదు లేనిదే ఎల్లో నోటీసు రాదు. పోలీసు రికార్డుల్లోకి ఎక్కని కేసుకు నోటీసు ఇవ్వడానికి ఇంటర్‌పోల్ నిబంధనలే ఒప్పుకోవు.

అదే రోజు మీ దేశపు ఎంబసీకో కాన్సులేట్‌కో ఫోన్ చేసి, ఆ వెంటనే ఈమెయిల్ పెట్టండి. వాళ్లు పోలీసులు కారు, దర్యాప్తు చేయలేరు. అయితే ఆసుపత్రులు, జైళ్లు, వలసదారుల నిర్బంధ కేంద్రాలు, మార్చురీలను ఆరా తీయగలరు. జాడ తెలియనివాళ్లలో కొందరు నిజానికి కస్టడీలో ఉంటారు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణ ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు కోరితే ఆ సంగతి అతని కాన్సులేట్‌కి ఆలస్యం లేకుండా చెప్పాలి. ఇందులో "కోరితే" అన్న మాట ముఖ్యం. భయంతోనో, ఇంట్లో తెలిస్తే పరువు పోతుందనో కోరనివాళ్లు ఉంటారు. అందుకే కాన్సులేట్ తనంతట తాను అడిగేలా మీరే వెంటపడాలి.

ఎయిర్‌లైన్స్, బ్యాంకులు, ఫోన్ కంపెనీలు మీకు సాధారణంగా ఏమీ చెప్పవు. ఖాతాదారుల గోప్యత అడ్డం వస్తుంది. కౌంటర్ దగ్గర గొడవపడి లాభం లేదు. ఆ వివరాలు అధికారికంగా తెప్పించమని దర్యాప్తు అధికారినే అడగండి.

నోటీసు ఎలా అడగాలి

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కంప్లైంట్ ఇస్తే నోటీసు దానంతట అదే వెళ్లిపోతుందనుకుంటారు. వెళ్లదు. స్థానిక అధికారి అడగాలి, అది పై అధికారుల ద్వారా నేషనల్ సెంట్రల్ బ్యూరోకి చేరాలి, బ్యూరో లియాన్‌కి పంపాలి. కాబట్టి ఒక లేఖ రాసుకుని వెళ్లండి. అందులో ఫలానా నంబరు కేసులో తప్పిపోయిన వ్యక్తి విదేశంలో ఉన్నారని, లేదా విదేశానికి వెళ్లారనడానికి ఆధారాలున్నాయని, నేషనల్ సెంట్రల్ బ్యూరో ద్వారా ఎల్లో నోటీసు కోరమని స్పష్టంగా రాయండి. కాపీ మీద ముద్ర వేయించుకోండి. కింది స్థాయి స్టేషన్‌లో ఇలాంటి కేసు ఎప్పుడూ చూడని అధికారి ఉండొచ్చు. ఆయన మీద కోపం తెచ్చుకునే కన్నా చేతికి కాగితం ఇస్తే పని త్వరగా కదులుతుంది.

పోలీసులు చూసేవి ప్రధానంగా నాలుగు. కేసు నమోదై ఉండాలి. మనిషి ఎక్కడున్నదీ పోలీసులకు తెలియకూడదు. తప్పిపోయింది పెద్దవాళ్లైతే నోటీసు కోరే దేశపు గోప్యతా చట్టాలు అడ్డం రాకూడదు. గుర్తుపట్టడానికి సరిపడా వివరాలు ఉండాలి. మొదటి మూడూ వాళ్ల చేతిలో ఉన్నవి, నాలుగోది మీ చేతిలో ఉంది.

నోటీసుతో పాటు "డిఫ్యూజన్" అనే మాట కూడా గుర్తుపెట్టుకోండి. నోటీసును లియాన్‌లో పరిశీలించి ప్రచురిస్తారు. డిఫ్యూజన్‌ను మాత్రం ఒక దేశపు బ్యూరోయే తనకు కావాల్సిన దేశాలకు నేరుగా పంపుతుంది. మనిషి ఫలానా రెండు మూడు దేశాల్లోనే ఉండవచ్చని గట్టి ఆధారం ఉంటే, ముందు డిఫ్యూజన్ పంపి తర్వాత నోటీసు అడగడం తెలివైన పని. ఆఖరిసారి కనపడింది యూరప్‌లోనైతే అక్కడి దేశాల పోలీసులు, సరిహద్దు అధికారులు పంచుకునే షెంగెన్ సమాచార వ్యవస్థలో పెట్టే అలర్ట్ గురించీ అడగండి. అది ఇంటర్‌పోల్‌తో సంబంధం లేని వేరే వ్యవస్థ.

నోటీసు వెబ్‌సైట్‌లో అందరికీ కనపడాలా, పోలీసులకు మాత్రమే కనపడాలా అన్నది కోరిన దేశం నిర్ణయిస్తుంది. సైట్‌లో పేరు లేదని నోటీసే లేదనుకోకండి. చాలా నోటీసులు బయటికి కనపడవు. అన్నిసార్లూ బహిరంగం చేయడం మంచిది కాదు కూడా. మనుషుల అక్రమ రవాణా ముఠా చేతిలో ఉన్నారన్న అనుమానం ఉంటే, ఫొటో అంతటా కనపడగానే వాళ్లు చోటు మార్చేయవచ్చు. ఇంటి హింస నుంచి పారిపోయిన మనిషైతే ఆ ఫొటో హింసించినవాడి చేతికే దారి చూపుతుంది. ఈ మాట అధికారితో విడిగా, నిజాయితీగా చెప్పండి. ఇంట్లో గొడవ జరిగి ఉంటే అదీ దాచకండి.

ఆనవాళ్లు ఇచ్చే పద్ధతి

ఇక్కడ ఎంత సమయం పెట్టినా తక్కువే.

ఫొటో గురించి ముందు. పెళ్లిలో తీసిన, ఫిల్టర్ వేసిన, కళ్లద్దాలు పెట్టిన ఫొటో ఇవ్వకండి. ముఖం నేరుగా ఉన్నది, ఈమధ్యే తీసినది, జుట్టూ గడ్డమూ ఇప్పుడెలా ఉన్నాయో అలాగే ఉన్నది కావాలి. ఇంటర్‌పోల్‌కు 2016 నుంచి ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్ ఉంది. అది సరిగ్గా పనిచేయాలంటే ఫొటో స్పష్టంగా ఉండాలి. పళ్లు కనపడేలా నవ్విన ఫొటో ఉంటే అదీ ఇవ్వండి. ముందు పళ్ల మధ్య సందు, విరిగిన పన్ను లాంటివి ఆ తర్వాత పనికొస్తాయి.

ఒంటి మీద ఆనవాళ్లు చెప్పేటప్పుడు "చేతి మీద పుట్టుమచ్చ" అంటే చాలదు. ఏ చేయి, మోచేతికి పైనా కిందా, ఎంత పెద్దది. ఆపరేషన్ మచ్చలు, ఒంట్లో వేసిన రాడ్లు, స్క్రూలు, పేస్‌మేకర్, టాటూలు రాయండి. టాటూ ఫొటో ఎక్కడైనా ఉంటే వెతికి పట్టుకోండి. దాని విలువ ఎంతో చెప్పడానికి ఒక ఉదాహరణ. 1992లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో హత్యకు గురైన ఒక మహిళ ఎవరో ఏళ్ల తరబడి తెలియలేదు. 2023లో ఇంటర్‌పోల్, నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీ పోలీసులు కలిసి ఐడెంటిఫై మీ అనే ప్రచారం మొదలుపెట్టి, సాధారణంగా పోలీసులకే పరిమితమయ్యే బ్లాక్ నోటీసుల్లోని వివరాలు కొన్ని బయటపెట్టారు. ఆమె చేతి మీది పువ్వు టాటూ వార్తల్లో చూసి బ్రిటన్‌లోని కుటుంబసభ్యులు గుర్తుపట్టారు. అప్పటికి 31 ఏళ్లు గడిచిపోయాయి.

పళ్ల డాక్టరు దగ్గర ఎక్స్‌రేలు, రికార్డులు ఉంటే కాపీలు తీసుకోండి. మనిషిని శాస్త్రీయంగా, నమ్మకంగా గుర్తుపట్టడానికి వాడే ప్రధాన ఆధారాలు మూడే: వేలిముద్రలు, పళ్లు, డీఎన్‌ఏ. వీసా కోసమో గుర్తింపు కార్డు కోసమో వేలిముద్రలు ఎక్కడ ఇచ్చారో అధికారికి చెప్పండి.

డీఎన్‌ఏ మాట ఎత్తగానే ఇంట్లోవాళ్లు బెదిరిపోతారు. "అంటే చనిపోయారనా?" అంటారు. కాదు. మాట్లాడలేని, స్పృహలో లేని మనిషిని, చిన్నప్పుడే ఎత్తుకుపోయిన బిడ్డను గుర్తుపట్టడానికీ అదే ఆధారం. ఆ మనిషి ఒక్కరే వాడిన టూత్‌బ్రష్, దువ్వెన, రేజర్ ఉతకకుండా, కడగకుండా వేర్వేరు కాగితపు కవర్లలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్‌లో తేమ చేరి నమూనా పాడవుతుంది.

అలాంటి వస్తువులేవీ లేకపోతే రక్తసంబంధీకుల నమూనా ఇవ్వవచ్చు. బుగ్గ లోపల దూదిపుల్లతో రాస్తారు, నొప్పి ఉండదు. తల్లిదండ్రులు, సొంత పిల్లలదైతే బలమైన ఆధారం. తోబుట్టువులది కూడా పనికొస్తుంది, ఎంతమంది ఇస్తే అంత మంచిది. ఇంటర్‌పోల్ 2021లో ఐ-ఫమీలియా అనే డేటాబేస్‌ను ఇందుకోసమే తెచ్చింది. అంతకుముందు వ్యవస్థలో అదే మనిషి నమూనాతోనే పోల్చగలిగేవారు. ఇప్పుడు ఒక దేశంలో ఉన్న కుటుంబం డీఎన్‌ఏను, మరో దేశంలో దొరికిన గుర్తుతెలియని అవశేషాలతో పోల్చవచ్చు. నమూనా ఇచ్చేవాళ్ల సమ్మతి తప్పనిసరి. కుటుంబాల వివరాలను నేరస్థుల డేటాకు దూరంగా విడిగా ఉంచుతారు. ఈ రెండు సంగతులూ ఇంట్లో పెద్దవాళ్లకు చెబితే భయం కొంత తగ్గుతుంది.

తప్పిపోయింది పిల్లలైతే

తల్లో తండ్రో బిడ్డను చెప్పకుండా వేరే దేశానికి తీసుకుపోయినా ఎల్లో నోటీసు అడగవచ్చు. అయితే నోటీసు బిడ్డ ఎక్కడుందో చెబుతుంది, వెనక్కి తెచ్చిపెట్టదు. దానికి వేరే దారి పట్టాలి. ఇలా తీసుకుపోయిన పిల్లలను వెనక్కి రప్పించడానికి చేసుకున్న 1980 నాటి హేగ్ ఒప్పందమే ఆ దారి. అందులో 100కు పైగా దేశాలు ఉన్నాయి. 16 ఏళ్లలోపు పిల్లలకు వర్తిస్తుంది. మీ దేశమూ, బిడ్డ ఉన్న దేశమూ రెండూ అందులో ఉన్నాయా, వాటి మధ్య అది అమల్లో ఉందా అన్నది మొదట చూసుకోండి. ఉంటే, ఏడాదిలోపే దరఖాస్తు చేయండి. ఏడాది దాటితే బిడ్డ కొత్తచోట స్థిరపడిపోయిందన్న వాదన కోర్టులో బలపడుతుంది. యూరప్‌లో చాలా దేశాల్లో తప్పిపోయిన పిల్లల కోసం 116000 అనే ఒకే నంబరు పనిచేస్తుంది.

యుద్ధం, విపత్తు, వలస దారులు

ఇక్కడ పోలీసు వ్యవస్థే కుప్పకూలి ఉండొచ్చు. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ విడిపోయిన కుటుంబాలను కలపడానికి ప్రత్యేకంగా పనిచేస్తుంది. మీ దేశంలోని రెడ్‌క్రాస్ లేదా రెడ్‌క్రెసెంట్ శాఖలో దరఖాస్తు ఇవ్వవచ్చు. హేగ్‌లో ఉన్న తప్పిపోయిన వ్యక్తుల అంతర్జాతీయ కమిషన్ కూడా ఇలాంటి కేసులు తీసుకుంటుంది. పోలీసులకు చెప్పారు కదా అని ఇవి వదిలేయకండి. రెండూ పక్కపక్కనే నడవొచ్చు.

ఎదురుచూస్తున్నప్పుడు

నెలకోసారి అధికారికి ఒక ఈమెయిల్ పెట్టండి. కొత్త సమాచారం ఏదైనా ఉంటే చెప్పండి, లేకపోతే నోటీసు ఇంకా అమల్లో ఉందా అని అడగండి. నోటీసుకు గడువు ఐదేళ్లు, తర్వాత పొడిగించుకోవచ్చు. అధికారి బదిలీ అయితే కొత్తవారికి మీ ఫైలు కాపీ మళ్లీ ఇవ్వండి. తప్పకుండా బదిలీ అవుతారు, అందుకే అన్ని కాగితాలూ రెండు సెట్లు ఉంచుకోండి.

సోషల్ మీడియాలో పోస్ట్ పెట్టే ముందు ఒక ఆనవాలు దాచుకోండి. వీపు మీది మచ్చో, ఇంట్లోవాళ్లకే తెలిసిన ముద్దుపేరో. ఎవరైనా ఫోన్ చేసి "మీవాడు మా దగ్గరున్నాడు" అంటే అడగడానికి మీ దగ్గర ఒక ప్రశ్న ఉండాలి. ఫోన్లు కచ్చితంగా వస్తాయి. దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర డబ్బు గుంజేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. కొందరు ఇంటర్‌పోల్ ముద్ర వేసిన లెటర్ పంపి "ఫీజు" అడుగుతారు. ఇంటర్‌పోల్ జనానికి నేరుగా ఫోన్ చేసి డబ్బు అడగదు. నోటీసుకు ఫీజు అంటూ ఎవరైనా అడిగారంటే అది మోసమే. నంబరు రాసుకుని పోలీసులకివ్వండి.

దొరికితే

ఇక్కడ కుటుంబాలు ఊహించని సంగతి ఒకటి ఉంది. దొరికింది పెద్దవాళ్లైతే, వాళ్లు ఎక్కడున్నదీ వాళ్ల ఇష్టం లేకుండా చాలా దేశాల పోలీసులు మీకు చెప్పరు. "బతికే ఉన్నారు, క్షేమంగా ఉన్నారు, మాట్లాడటానికి ఇష్టపడటం లేదు" అన్న ఒక్క వాక్యంతో కేసు మూసేయవచ్చు. కోపం వస్తుంది, వచ్చి తీరుతుంది. అధికారితో తగువు పెట్టుకునే బదులు ఒక ఉత్తరం రాసివ్వండి, దాన్ని అందజేస్తారా అని అడగండి. కొన్నిచోట్ల అందజేస్తారు.

మనిషి ఇంటికి చేరాక చివరి పని ఒకటి మిగిలి ఉంటుంది. ఆ ఊరటలో అందరూ మర్చిపోయేది ఇదే: నోటీసు రద్దు చేయించడం. కంప్లైంట్ ఇచ్చిన స్టేషన్‌కు వెళ్లి, మనిషి దొరికినట్టు రాసిచ్చి, నేషనల్ సెంట్రల్ బ్యూరోకి తెలియజేశారని లిఖితపూర్వకంగా తీసుకోండి. రెండుచోట్ల కంప్లైంట్ ఇచ్చి ఉంటే రెండోచోటా మూయించాలి. లేకపోతే ఆ మనిషి మళ్లీ ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఆపి గంటలు కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. ఎంత చెప్పినా రికార్డు తీసేయకపోతే, ఇంటర్‌పోల్ ఫైళ్ల నియంత్రణ కమిషన్ అనే స్వతంత్ర సంస్థకు ఆ మనిషే స్వయంగా రాసుకోవచ్చు. ఇంటర్‌పోల్‌తో మామూలు మనిషి నేరుగా ఉత్తరప్రత్యుత్తరాలు జరపగలిగిన చోటు అదొకటి. దరఖాస్తుకు ఫీజు లేదు. గుర్తింపు పత్రం కాపీ జతచేసి, సంతకం పెట్టి పంపాలి.